మందు కొట్టని అరెకరం

కృపామణి ఏమందంటే, ఏసోబు కూతురు సుస్మిత రాహేలమ్మ కొడుకు జోయెల్‌కి మందు పెట్టిందట. తన రెండు కళ్ళతో చూసిందట. ఆ మందు వాళ్ళింటి ఫ్రిజ్‌లోనే ఉందట, పై అరలో, నెయ్యి గిన్నె పక్కన, వెండిరంగు కవరులో.

ఈ మాట గ్రేసమ్మ కృపామణి నోట వినలేదు. పంపు దగ్గర పుట్టిన మాట పాలకేంద్రానికి వెళ్ళింది. అక్కడ పాలకు వెన్న చూసినంతసేపు ఆగి, కాస్త చిక్కబడి, టీ బంకు మీదుగా ఏసోబు చెవికి చేరింది. ఏసోబు దాన్ని పొద్దుటి పూటంతా కడుపులో దాచుకున్నాడు. మధ్యాహ్నం వసారాలో కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద మింగాక బయటపెట్టాడు.

"మనమ్మాయి జోయెల్‌కి మందు పెట్టిందంట."

గ్రేసమ్మ చేతిలో పప్పు గరిటె కంచానికీ గిన్నెకూ మధ్య ఆగిపోయింది.

"ఎవురన్నారు?"

"అంటన్నారు."

"అన్నవాళ్ళకు పేరుండదా?"

"కృపామణి."

"ఏం మందంట?"

"అదే, మగోళ్ళకు పెట్టేది. నెయ్యి గిన్నె పక్కనుందంట. ముందు పప్పు వెయ్యి."

నెయ్యి గిన్నె అనేసరికి గ్రేసమ్మకు నడినెత్తిన చెమట పట్టింది. ఎందుకంటే, కృపామణి పెరుగు తోడు కోసం వచ్చిన రోజున ఫ్రిజ్ తలుపు తీసింది తనే. "ఈ కవరేంది వదినా?" అని ఆమె అడిగితే, "మా సుస్మితది. మగవాటికి పెట్టే మందు. వాసనకే వచ్చి బుట్టలో పడతయ్యంట" అని గొప్పగా చెప్పిందీ తనే.

మగవాటికి అంది. మగవాళ్ళకి అనలేదు. ప్రభువు మీద ఒట్టేసి చెప్పమన్నా చెబుతుంది. కానీ అంత చిన్న అక్షరం పంపు దగ్గర అన్ని బిందెల మధ్య ఎక్కడ నిలబడుతుంది.

ఈ సంగతి మొగుడికి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, పప్పు ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

నడింట్లో సుస్మిత లాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ పిల్లకు ఈ మాటలేవీ పట్టలేదు. జువాలజీలో పీహెచ్‌డీ అంటూ రెండు పంటకాలాలుగా ఊరి మిరప తోటల్లో పడి తిరుగుతోంది. వాళ్ళ నాన్న తోటలో పురుగులు పట్టే బుట్టలు కట్టింది. రాహేలమ్మ తోటలో అరెకరం ఏమీ చెయ్యకుండా వదిలేయించింది. రెంటిలోనూ లద్దె పురుగు ఎంతుందో చూసి, బుట్టలు పనిచేస్తున్నాయని తేల్చాలి. అంతే ఆమె చదువు. ఈ పంట దాటితే గడువు లేదు.

తేలింది మాత్రం వేరు. బుట్టలున్న తోటలో పురుగు ఎక్కువ, ఏమీ చెయ్యని తోటలో పురుగు తక్కువ.

నిన్న గైడు గోపీనాథ్ సారు ఫోను చేశాడు. "అయితే బుట్టలు కడితే పురుగు పెరుగుతుందని రాద్దామా అమ్మా?" అని చాలా మర్యాదగా అడిగాడట. అప్పట్నుంచీ ఆ పిల్ల మెతుకు ముట్టలేదు. గ్రేసమ్మకు లెక్కలు అర్థం కావు. మెతుకు ముట్టకపోవడం అర్థమవుతుంది.

"సుస్మీ, రెండు ముద్దలు తినమ్మా."

"వద్దమ్మా."

"ఆ పురుగులే తింటన్నయ్. నువ్వు తినకపోతే ఎట్టా?"

"అవి కూడా సరిగ్గా తినటంలా. అదే నా ఏడుపు."

అప్పుడే గేటు చప్పుడైంది.

వచ్చింది రాహేలమ్మ. చీరకొంగు నడుముకు బిగించి, చేతిలో ఫోను పట్టుకుని, వసారా మెట్టు ఎక్కింది.

"వందనాలు వదినా," అంది గ్రేసమ్మ.

రాహేలమ్మ బదులు చెప్పలేదు.

ఆ ఊళ్ళో గట్టు తగాదాలో తలకాయలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా పోలీస్ స్టేషన్ మెట్ల మీద ఎదురుపడితే ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటారు, ఆ తర్వాతే లోపలికెళ్ళి కేసు పెట్టుకుంటారు. వందనాలు మింగేసిన మనిషిని గ్రేసమ్మ ఇదే చూడటం.

"కూర్చో వదినా."

"కూర్చోటానికి రాలా," అంటూ రాహేలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ కూతుర్ని పిలువు."

పిలవనక్కర్లేదు. జుట్టులో పెన్ను గుచ్చుకుని సుస్మిత గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇదిగో, పాస్టరుగారు ఇయ్యన్నీ నమ్మొద్దని చెప్పాడు," అంది రాహేలమ్మ. "నేనూ నమ్మను. నలుగుర్లో ఆమెన్ అని కూడా అన్నాను. కానీ పెట్టినదాన్ని తీసెయ్యమంటన్నా."

"ఏం పెట్టా అత్తా?"

"మందు."

సుస్మిత ముఖం కాస్త తేటపడింది. చదువు గురించి ఎవరన్నా అడిగితే చాలు, ఆ పిల్లకు ఆకలి కూడా గుర్తుండదు. "ఫెరమోనా?" అంది.

"దానికి పేరు కూడా ఉందా?"

"అది మనుషులకు కాదు అత్తా. ఆడపురుగు మగపురుగు కోసం వదిలే వాసన. దాన్ని చిన్న రబ్బరు బిరడాకి పట్టించి బుట్టలో వేలాడదీస్తాం. మగది ఆడది ఉందనుకొని వస్తది. వచ్చి బుట్టలో పడుద్ది."

"విన్నావా అన్నయ్యా?" అంది రాహేలమ్మ ఏసోబు వైపు తిరిగి. "మావాణ్ణి బుట్టలో ఏసుకుందని ఊరంతా అంటంటే నేనే తిట్టా. ఇప్పుడు పిల్ల నోటితోనే వచ్చింది."

ఏసోబుకు పొలమారింది. నీళ్ళ చెంబు కోసం తడుముకున్నాడు.

"అయ్యో, మగపురుగుకు తప్ప ఆ వాసన ఇంకెవరికీ తెలవదత్తా. మీసాలతో పసిగడుద్ది."

"మావాడికీ మీసాలున్నయ్."

యూనివర్సిటీలో ఎంతమంది ప్రొఫెసర్లు అడ్డదిడ్డంగా ప్రశ్నలడిగినా నిలబడిన పిల్ల, ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

"అసలు మనుషులకు పెట్టే మందని నీకెవరు చెప్పారత్తా?"

"ఎవురో ఎందుకు చెప్తారు? మీ అమ్మే చెప్పింది కృపామణికి."

సుస్మిత తల్లి వైపు చూసింది. ఏసోబు కూడా చూశాడు.

"పొయ్యి మీద పాలున్నయ్," అంది గ్రేసమ్మ లేస్తూ.

"పాలు పొద్దున్నే కాచావు గదమ్మా."

గ్రేసమ్మ మళ్ళీ కూర్చుంది. "మగవాటికి అన్నానే. వాటికి, అన్నా," అంది నేలకు చెబుతున్నట్టు. ఎవరూ ఓదార్చలేదు.

రాహేలమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఆమె గొంతు ఈసారి తగ్గింది. దాంతో మరీ భయమేసింది గ్రేసమ్మకు.

"నాకీ చదువులు తెలవ్వు. నీ కూతురు మందు తీస్తే సరి. తియ్యకపోతే రేపు పొద్దున్నే నా తోటకు మందు కొట్టిస్తా. శావల్యాపురం డ్రోను అబ్బాయికి కబురు పెట్టా. వస్తానన్నాడు."

వసారాలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అంతకుముందు ఆ ఫ్యానుకు చప్పుడుందని గ్రేసమ్మకు తెలియదు.

"అత్తా," అంది సుస్మిత మెల్లగా. "ఇప్పుడు కొట్టావంటే నా రెండేళ్ళ పనీ పోద్ది. పక్కన పెట్టి చూసుకోటానికి నాకు ఇంకో తోట లేదు."

"మరి నువ్వు నాకేం చెప్పి తీసుకున్నావు? కంట్రోలు అన్నావు. ఏసోబన్నయ్య తోటలో బుట్టలు, నా తోట కంట్రోలు. ఓహో, పురుగును కంట్రోలు చేసేది నా దాంట్లోనే, మనదే మేలు అనుకున్నా. జోయెల్‌గాడు సరేనంటే నేనూ సరేనన్నా. తీరా కాయలు దిగేటప్పుడు తెలిసింది, కంట్రోలంటే ఏమీ చెయ్యకుండా వదిలెయ్యటమంట."

"ముందే చెప్పానత్తా. ఇంగ్లీషులో అంతే అంటారు."

"ఇంగ్లీషోళ్ళకు మిరప తోటలున్నయ్యా?"

ఇది ఇట్లా వదిలేస్తే చీకటి పడేదాకా సాగుతుందని గ్రేసమ్మకు అర్థమైంది. తప్పు తనది కాబట్టి దారి కూడా తనే వెతకాలనిపించింది. మందు పడినవాడు తిండి మానేస్తాడని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పగా విన్నది. అక్కడ పట్టుకుంది.

"అసలు వాడికేమైంది వదినా? అన్నం తినటంలేదా?"

"తినకేం? రెట్టింపు తింటన్నాడు."

"మరింకేంది?"

"పొద్దెక్కినా దుప్పటి తియ్యనోడు, కోడి కూయకముందే లేస్తన్నాడు. బకెట్టు తీసుకొని తోటకు పోతన్నాడు. సాళ్ళల్లో గొంతుక్కూర్చొని ఏందో చేస్తన్నాడు. ఎండెక్కినాక చేతులనిండా పసరుతో వస్తన్నాడు. ఏందిరా అంటే నవ్వుతాడు. పేట నుంచి సంబంధమోళ్ళు పిల్ల ఫోటో పంపిస్తే, ఫోను బోర్లాపెట్టి టిఫిన్ ఏందమ్మా అన్నాడు." రాహేలమ్మ ముక్కు తుడుచుకుంది. "హైదరాబాదులో ఆ కొరియర్ల పని మానుకొని వచ్చి సేద్యం చేస్తానంటే, బుద్ధి వచ్చిందని సంతోషపడ్డా వదినా. ఇట్టా వచ్చుద్దనుకోలా."

"బకెట్టా?" అంది సుస్మిత.

"ఆ, బకెట్టు. నా బట్టల బకెట్టే."

"బకెట్లో ఏముంటది అత్తా?"

"సర్ఫు నీళ్ళు. అందులో పురుగులు. బకెట్టు నిండా తేలతా ఉంటయ్. మతి ఉన్నోడెవడన్నా కూచొని లద్దె పురుగుల్ని ఏరతాడా? అందుకే మందన్నా."

సుస్మిత ముఖంలోకి చూసిన గ్రేసమ్మకు, ఆ పిల్ల పదో తరగతి ఫలితాలప్పుడు నంబరు కనిపించక పేపరు తిరగేసిన రోజు గుర్తొచ్చింది. సుస్మిత లోపలికెళ్ళింది. లాప్‌టాప్ తెచ్చి వసారా గచ్చు మీద పెట్టుకుని కూర్చుంది. వేలితో ఏదో కిందికి జరుపుకుంటూ పోయింది, పైకి జరుపుకుంటూ వచ్చింది.

"ఏరుతున్నాడు," అంది. "కంట్రోల్లో పురుగులు ఏరుతున్నాడు."

అది నవ్వో ఏడుపో గ్రేసమ్మ పోల్చుకోలేకపోయింది.

సరిగ్గా అప్పుడు జోయెల్ వచ్చాడు. డ్రోను కుర్రాడు తోట ఎక్కడో చెప్పమని అతనికి ఫోను చేశాడట. తల్లి ఇంట్లో లేకపోయేసరికి ఊళ్ళో ఎవరినీ అడగకుండానే ఎక్కడుంటుందో తెలిసిపోయింది. గేటు దగ్గరే చెప్పులు విడిచాడు.

"వందనాలు అత్తా. వందనాలు మామయ్యా."

వందనాలు వినపడగానే గ్రేసమ్మకు ప్రాణం లేచొచ్చింది. జోయెల్ వసారాలో అందరినీ చూశాడు, ఫ్యానును చూశాడు, ఏసోబు ముందున్న పప్పును చూశాడు. సుస్మితను తప్ప.

"ఎందుకు ఏరావు?" అంది సుస్మిత.

అతను తల్లి వైపు చూశాడు. రాహేలమ్మ పైకప్పు వైపు చూసింది.

"నువ్వు మందు కొట్టొద్దన్నావుగా. కొట్టలా. ఏరా."

"ఏమీ చెయ్యొద్దన్నా."

"ఏరటం చెయ్యటం కాదనుకున్నా."

"బకెట్టు తీసుకొని పొద్దున్నే పోవటం చెయ్యటం కాదా?"

"మా అమ్మ దగ్గర అది పని కిందికే రాదు. ఇంట్లో ఊరికే కూచున్నావంటది."

ఏసోబు నవ్వు ఆపుకోవడానికి చెంబెడు నీళ్ళు తాగాడు.

"ఎవురు ఏరమన్నారు నిన్ను?"

జోయెల్ బొటనవేలితో గచ్చు గీకాడు. "వారం వారం వస్తావు. మా తోటలో పురుగులు లెక్కబెట్టుకుంటావు. రాసుకొని, మొహం చిన్నబుచ్చుకొని పోతావు. పురుగు తగ్గితే సంతోషపడతావనుకున్నా."

"నా మొహం ఎప్పుడూ అంతే."

"అది నాకెట్టా తెలుసుద్ది?"

గ్రేసమ్మకు ఆ మాట దగ్గర ఎక్కడో మెత్తగా తగిలింది. కూతురికి తగల్లేదు.

"నా నాలుగో అధ్యాయం అంతా తీసకపోయి సర్ఫు నీళ్ళల్లో ముంచావు," అంది సుస్మిత. "పురుగు ఎందుకు తగ్గిందా అని నేను గాలి చూశా, వాన చూశా, పిట్టలొచ్చి తింటన్నయ్యేమోనని చెట్టు కింద కూచొని చూశా. తింటంది నువ్వా?"

"తినలా. ముంచా."

"నాశనం చేశావు."

"ఏమే," అంది రాహేలమ్మ చటుక్కున. "పిల్లోడు నడుములు పడిపోయేట్టు వంగి పురుగులేరితే నాశనం చేశాడంటావేంది?"

ఈవిడ ఇంతలో ఇటెప్పుడు మళ్ళిందో గ్రేసమ్మకు అందలేదు. వచ్చిన పని రాహేలమ్మకే గుర్తున్నట్టు లేదు.

"కొట్టించుకో అత్తా," అంది సుస్మిత లాప్‌టాప్ మూసేస్తూ. "డ్రోనును రమ్మను. ఆ తోట నాకిక పనికిరాదు."

"పనికిరాదా?" రాహేలమ్మ లేచి నిలబడింది. "నా తోట పనికిరాదా? ఆ పొలం చెక్కలో పండిన కాయకి మిరప యార్డులో జనం ఎగబడి చూశారు. వదినా, నీ కూతురు ఏమంటందో వింటన్నావా?"

"ఆ తోటను కాదు వదినా..." అని గ్రేసమ్మ ఏదో సర్దబోయింది. ఏమని సర్దాలో తెలియక ఆగింది.

ఏసోబు కంచంలో చెయ్యి ఎండిపోయింది. గోడ అవతల కృపామణి వాకిలి ఊడుస్తున్న చప్పుడు వస్తోంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోందని గ్రేసమ్మ గమనించింది.

సుస్మిత జుట్టులోంచి పెన్ను లాగింది.

"మొత్తం ఏరావా?"

జోయెల్ మెడ గోక్కున్నాడు. "మొత్తమంటే?"

"మొత్తమంటే మొత్తం. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా."

"తాటిచెట్టు దాకా."

"అవతల?"

అతను గేటు వైపు చూశాడు.

"అవతల పుట్టుంది," అంది రాహేలమ్మ. "వాడు అటు పోడు."

"పాముంది," అన్నాడు జోయెల్ కాస్త గట్టిగా. "నేను చూశా."

"ఎప్పుడు చూశావు?"

"ఏడో తరగతిలో."

సుస్మిత మూసిన లాప్‌టాప్‌ను మళ్ళీ తెరిచింది. ఈసారి ఆమె వేలు గబగబా నడిచింది. "తాటిచెట్టు అవతల," అంది తనలో తాను. "అవతల అన్నిచోట్లా పురుగే. ఇవతలే లేదు. ఆ అవతలి లెక్కలు నేనే తప్పు రాసుకున్నానేమోనని నిన్న కొట్టేద్దామనుకున్నా."

"కొట్టేశావా?" అన్నాడు జోయెల్ భయంగా.

"కొట్టెయ్యలా."

గ్రేసమ్మకు అంతా అర్థం కాలేదు. కూతురు లేచి, తండ్రి కంచం పక్కనున్న గిన్నెలోంచి అప్పడం ముక్క తీసి నోట్లో పెట్టుకోవడం మాత్రం చూసింది. అది చాలు ఆమెకు.

"నాన్న తోట బుట్టలది," అంది సుస్మిత నములుతూ. "తాటిచెట్టు అవతల ఏమీ చెయ్యనిది. ఇవతల ఏరింది. మూడు రకాలయినయ్. మా చదువులో ఒక్కో రకాన్ని ఒక్కో ట్రీట్‌మెంటంటారు. సారుకు జరిగింది జరిగినట్టు చెప్పాలి. తిడతాడు. తిట్టినాక ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు." పెన్ను జోయెల్ వైపు చూపించింది. "కానీ ఇప్పుడు ఆపకూడదు. కాయ కోతలయిందాకా ఏరాలి. తాటిచెట్టు దాకానే. ఒక్క సాలు కూడా అటు పోకూడదు."

"పోను," అన్నాడు జోయెల్. అంత నిజాయితీగా అతను ఏ మాటా ఇచ్చి ఉండడు.

"ఆగండాగండి," అంది రాహేలమ్మ. "ఏరేదేదో కూలోళ్ళని పెట్టి ఏరించుకో. మావాడెందుకు?"

"చెయ్యి మారితే లెక్క మారుద్దత్తా. మొదలుపెట్టిన మనిషే ఏరాలి. రోజూ, పొద్దున్నే. నేనొచ్చి పక్కన నిలబడి రాసుకోవాలి."

"రోజూనా?"

"రోజూ."

"నువ్వు పక్కనా?"

"బకెట్లో ఎన్ని పడినయ్యో లెక్క రాయాలిగా."

కొడుకుకు పెట్టిన మందు తీయించడానికి వచ్చిన రాహేలమ్మ, రోజుకో మోతాదు రాయించుకుని పోతున్నట్టు నిలబడింది. ఆమె చేతిలో ఫోను మోగింది. వెలుగుతున్న అద్దం మీద 'డ్రోను' అన్న పేరు గ్రేసమ్మకు కూడా కనిపించింది. రమ్మంటే తెల్లారేసరికి తాటిచెట్టుకు అవతలా లేదు, ఇవతలా లేదు. అంతా ఒకటే.

రాహేలమ్మ ఫోను ఎత్తలేదు, కట్టేయలేదు. అట్లాగే పట్టుకుని, సుస్మిత ముఖంలోకి చూసింది.

"నాకొక్క మాట చెప్పు. అసలు వాడు నీకేమవుతాడే, కోతలయిందాకా నీ కోసం పురుగులేరటానికి?"

ఫోను మోగుతూనే ఉంది. గోడ అవతల చీపురు ఆగింది. గ్రేసమ్మ తన కూతురు జీవితంలో మొదటిసారి ఒక మంచి అబద్ధమన్నా చెప్పాలనీ, చెప్పకూడదనీ కూడా ప్రార్థించింది.

సుస్మిత నిజంగానే ఆలోచించింది. లాప్‌టాప్ వైపు ఒకసారి చూసి, సరైన మాట దొరికినట్టు తలెత్తింది.

"మూడో ట్రీట్‌మెంటు అత్తా."

రాహేలమ్మ కొడుకు వైపు తిరిగింది. "విన్నావంట్రా? ట్రీట్‌మెంటంట నువ్వు. సిగ్గుందా నీకు?"

జోయెల్ వసారా దిగి, గేటు పక్కన విడిచిన చెప్పులు తొడుక్కున్నాడు.

"నిన్నటిదాకా కంట్రోలునే గదమ్మా."